పూర్తి వాక్యంలో చెప్పండి

మొగుడు ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తాడని వాపోయే ఆడవాళ్ళని చూస్తే ఆ ఇల్లాలికి ఈమధ్య ఒళ్ళు మండుతోంది. వాళ్ళ మొగుళ్ళు కనీసం వెళ్తున్నారు.

ఈయన వెళ్ళడం లేదు. కూతురి ఇంగ్లీషు పరీక్ష అయ్యేదాకా సెలవు పెట్టేశాడు. సెలవు పెట్టినవాడు మంచమెక్కి పేపరు చదువుకుంటే ఏ గొడవా లేదు. మంచినీళ్ళ సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు ఎలా ఉంటాడో అలా ఇంట్లో ఉండటం మొదలుపెట్టాడు. భోజనాల బల్ల మీద పేపరువెయిట్లు వెలిశాయి. గ్లాసుకి మూత వచ్చింది. కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి కూడా ముందు గొంతు సవరించుకుంటున్నాడు.

"రేపైనా వెళ్తారా ఆఫీసుకి?" ఆశ చావక అడిగింది.

"ఎల్లుండి పరీక్ష పెట్టుకుని ఆఫీసేమిటి?"

"పరీక్ష మీకు కాదుగా."

"దానికి ఉంటే నాకు లేనట్టా?"

ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు. పిల్ల అన్నిట్లోనూ గట్టెక్కి పోయినసారి ఇంగ్లీషులో మునిగింది. ఈసారి కూడా మునిగితే పై తరగతికి పంపేది లేదని హెడ్మిస్ట్రెస్ తెగేసి చెప్పింది. స్నేహితురాళ్ళంతా మెట్లెక్కి పై గదిలోకి పోతారు. ఇది మాత్రం ఏడాది పొడుగునా తను వెక్కిరించిన చిన్నపిల్లల పక్కన, అదే బెంచీ మీద కూర్చోవాలి.

ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చిక అంటారు. పొద్దున్న కళ్ళు తెరిచింది మొదలు కిచకిచమంటూనే ఉంటుంది కనక. తండ్రి ఎదురుగా కూర్చుంటే మాత్రం ఆ పిచ్చిక గూట్లో గుడ్డులా అయిపోతుంది.

పాఠం మొదలైంది. ఇల్లాలు చెవులు హాల్లో పడేసి, చేతులు మాత్రం వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"ప్యాసేజీ చదివావా?"

"ఊఁ."

"ఊఁ అంటే? ఆ మేడమీది టీచరమ్మ మంచి చెప్పిందో చెడ్డ చెప్పిందో గానీ, ఒక్క సంగతి నిజం. జవాబనేది పూర్తి వాక్యంలో ఉండాలి."

"నేను ప్యాసేజీ చదివాను నాన్నగారూ."

"అదీ! పడవవాడికి ఒక కుక్క ఉండేదిట. చివర్లో ఏముంది? ఆ రోజు నుంచి అతను పడవని నీళ్ళలోకి దింపలేదుట. ఎందుకు దింపలేదు? ప్రశ్న అదీ. ఎందుకు?"

పిచ్చిక పెన్సిలు కొరికింది.

"ఇంత సులువైనది రాదా? కుక్క చచ్చిపోయింది. ఆ దిగులుతో మానేశాడు. రాసుకో."

మూలన కుర్చీలో బఠాణీలు వలుస్తున్న అత్తగారి చేయి ఆగిపోయింది. "అయ్యయ్యో, కుక్క పోయిందట్రా? ఏం జబ్బు చేసింది?"

"జబ్బేం రాయలేదమ్మా."

"జబ్బు చెయ్యకుండా ఎలా పోతుందిరా? ఎవరైనా రాయి వేశారా? లేక నీళ్ళలో గానీ..."

"ఇది ఇంగ్లీషు పాఠమమ్మా. ఇందులో కుక్కలు కారణం చెప్పి పోవు."

ఆయన గీరగా పుస్తకం వెనక పేజీలు తిప్పాడు, జవాబు సరిపోల్చడానికి. తిప్పిన పేజీలే మళ్ళీ తిప్పుతున్న చప్పుడైంది. అనుమానమొచ్చి ఇల్లాలు తొంగి చూసింది.

"ఏముందండీ అక్కడ?"

"ఊళ్ళోవాళ్ళు నది మీద వంతెన కట్టడం వల్ల, అని ఉంది." పుస్తకం మూసేశాడు. "అచ్చుతప్పు."

"వంతెనంత అచ్చుతప్పా?"

"ఏం, ఉండకూడదా? ఈ పుస్తకాలు వేసేవాళ్ళ సంగతి నీకేం తెలుసు? నువ్వు రాసుకోవే, కుక్క చచ్చిపోయిందనే రాసుకో."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడికి నాలుగో కాలు చూపించినా లాభం లేదు. అది పక్క కుందేలుదంటాడు. పిచ్చిక తల వంచుకుని రాసుకుంది.

మనిషి చెడ్డవాడు కాడు. ఆఫీసులో చదివీ చదివీ అలా అయిపోయాడు. అక్కడికొచ్చే అర్జీలన్నిటికీ ఒకటే మొదలు, ఒకటే తుది. పైన నీళ్ళు రావడం లేదని ఉంటుంది, కింద 'కావున దయతలచి' అని ఉంటుంది. మధ్యలో ఉండేవన్నీ కన్నీళ్ళు. వాటితో నీళ్ళ ఆఫీసుకి పనిలేదు కనక, ఆయన పై వాక్యమొకటీ కింది వాక్యమొకటీ చూసి సంతకం గిలికేస్తాడు. బల్ల మీద కాగితం నిలవుంచడని పేరు. ఆ పేరు మీదే సూపరింటెండెంటు అయ్యాడు. ఎక్కి వచ్చిన నిచ్చెనని ఎవరు మాత్రం అనుమానిస్తారు?

*

తండ్రి స్నానానికి లేచాడో లేదో పిచ్చిక వంటింట్లోకి వచ్చి వాలింది.

"నానమ్మా, నానమ్మా! కుక్క చావలేదు!"

బఠాణీల పళ్ళెంతో వెనకాలే వచ్చిన అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "బతికే ఉందా? నా తల్లే, నిండా నూరేళ్ళు! మరి మీ నాన్న చంపేశాడేమే?"

"వంతెన కట్టేశారు నానమ్మా. అందరూ నడిచి వెళ్ళిపోతున్నారు. ఇంక పడవ ఎవరెక్కుతారు? కానీ కుక్క ఉంది చూశావూ, అది వంతెన ఎక్కనంటుంది. రోజూ పొద్దున్నే రేవులో కూర్చుని తోక ఊపుతూ ఉంటుంది, ఎవరైనా పడవ కోసం వస్తారేమోనని. పడవవాడు ఎంత పిలిచినా రాదు. ఆఖరికి అతనే వెళ్ళి దాని పక్కన కూర్చుంటాడు. ఇద్దరూ కలిసి వంతెన మీద పోయేవాళ్ళని చూస్తుంటారు." అంటూ కుక్కలా కూర్చుని, పడవవాడిలా నిట్టూర్చి, వంతెన మీద జనంలా అటూ ఇటూ నాలుగడుగులు నడిచింది.

అత్తగారు కళ్ళొత్తుకుంది. ఇల్లాలు గరిటె పక్కన పెట్టింది.

"ఇంత బాగా తెలిసినదానివి అక్కడ నోరు విప్పవేం?"

"నాన్నగారు చెప్పేశారుగా."

"తప్పు చెప్పారుగా!"

"తప్పని నేనంటే ఆయన మొహం చిన్నబోదూ?" పిచ్చిక ఓ బఠాణీ నోట్లో వేసుకుంది. "నాకోసం సెలవు పెట్టుకుని కూర్చున్నారు పాపం."

"మరి పోయిన పరీక్షలో? అక్కడ నాన్నగారు లేరు కదే?"

"అక్కడా ఆయన నేర్పినట్టే రాశానమ్మా. మొదటి లైనూ చివరి లైనూ చూసి. అలా కాకుండా రాస్తే, ఆయన చెప్పింది తప్పని నేను అన్నట్టే కదా?"

ఇంతలో మేడమెట్ల మీద చప్పుడైంది. ఒక అడుగు, కాసేపు నిశ్శబ్దం, ఇంకో అడుగు. ముగ్గురూ చెవులు రిక్కించారు. టీచరమ్మ పేపరు కోసం దిగుతోంది.

పై వాటాలో ఉండే ఆవిడ, రిటైరయ్యేదాకా పిల్లలకి ఇంగ్లీషు చెప్పింది. మోకాళ్ళు అరిగిపోయాయి. అందుకే బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట ఒకటి వేలాడుతుండేది. పిచ్చిక అందులో పేపరు, పాలసీసా పెడితే పైకి వెళ్ళేది. దిద్దిన జవాబులు, అప్పుడప్పుడు ఓ బిస్కెట్టు కిందికి వచ్చేవి. సాయంత్రం పాఠానికి మాత్రం ఆవిడే కమ్మీ పట్టుకుని మెల్లగా దిగి వచ్చేది.

పోయినవారం గొడవ తర్వాత తాడు బాల్కనీ కమ్మీకి చుట్టుకుపోయింది. బుట్ట పైనే ఉండిపోయింది. పిచ్చిక పేపరు తీసుకుని పైకి వెళ్తే తలుపు తియ్యలేదు. ఇప్పుడు పేపరు కోసం రోజూ ఆ మోకాళ్ళే దిగుతున్నాయి.

ఆ రోజు ఆవిడ అన్నది ఇల్లాలికి పొల్లు పోకుండా గుర్తుంది. అత్తగారు పెరట్లో బట్టలారేస్తోంది. తను రెండు కప్పుల కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"బాబూ, మీ అమ్మాయికి ఇంగ్లీషు రాకపోవడమంటూ ఏమీ లేదు," అంది టీచరమ్మ. "దానికి వచ్చినంత మా స్కూల్లో చాలామందికి రాదు. కానీ మీరంటే దానికి ప్రాణం. మీరు చెప్పింది తప్పని తెలిసినా, మీ మాట కాదనలేక తప్పే రాస్తోంది. ఈ నాలుగు రోజులూ దాని జవాబులు దాన్నే వెతుక్కోనివ్వాలి. అందుకని, ఏమీ అనుకోకండి, పాఠం జరిగేటప్పుడు మీరు కాస్త బయటికి వెళ్ళండి."

ఇంటాయన అలవాటు కొద్దీ విన్నాడు. మొదట్లో 'మీ అమ్మాయికి ఇంగ్లీషు రాకపోవడం', చివర్లో 'మీరు బయటికి వెళ్ళండి'. మధ్యలోదంతా అర్జీలో కన్నీళ్ళ కింద జమ.

"నా ఇంట్లోంచి నన్నే బయటికి పొమ్మంటారా?" అని లేచాడు. ఆవిడా లేచింది. కాఫీ చల్లారిపోయింది.

ఆ చల్లారిన కాఫీ తనే తాగేసి ఇల్లాలు ఊరుకుంది. ఈయన ఎంతదూరం పోతాడో పోనీ, తల బొప్పి కట్టాక తనే తెలుసుకుంటాడని మనసులో నవ్వుకుంది కూడా. వారం గడిచింది. బొప్పి కట్టే సూచనలు లేవు సరికదా, తల ఇంకాస్త పైకి లేచింది.

*

మధ్యాహ్నం ఇంటాయన కునుకు తీస్తుండగా ఇల్లాలు బీరువాలో దుప్పట్ల అడుగున చెయ్యి పెట్టింది. అక్కడ ఆవిడ బి.ఏ. పట్టా ఉంది. పట్టా పక్కన పెళ్ళికి ముందు కొన్న ఇంకు పెన్నుంది. పట్టా జోలికి పోకుండా పెన్ను తీసి కడిగింది, సిరా పోసింది, ఓ తెల్లకాగితం ముందేసుకుంది.

ఈ ఇంటికి వచ్చాక ఆమె ఇంగ్లీషులో రాసిన పొడుగాటి వాక్యం 'సబ్బులు, అగ్గిపెట్టె, నూనె' మాత్రమే. మొదట చెయ్యి మొరాయించింది. తరువాత నవ్వొచ్చింది. నవ్వొచ్చాక చెయ్యి పరిగెత్తింది. కింద ఐదు ప్రశ్నలు కూడా పెట్టి, తిరగేసి చదువుకుని, ముచ్చటపడింది.

సాయంత్రం ఆయన కళ్ళజోడు తుడుచుకుంటుంటే వినయంగా అందించింది.

"మోడల్ పేపరుట. ఎవరో ఇచ్చారు. ముందు మీరు జవాబులు రాసి పెడితే పిచ్చిక వాటిని చూసి దిద్దుకుంటుంది కదా."

"ఎవరు ఇచ్చారు?"

"తెలిసినవాళ్ళే."

భార్య ఇంగ్లీషు దస్తూరీ ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. తెలుసుకునే అవసరం ఎన్నడూ పడలేదు. కాగితం పైన ఒక చూపు, కింద ఒక చూపు వేశాడు.

"సులువు. ఓ స్టేషను మాస్టరు, అందరూ గౌరవించే మనిషి. చివర్లో ముసలి వాయులీనం మాస్టారు వెళ్ళిపోయాడు, ఆ ఇంట్లో మళ్ళీ సంగీతం వినపడలేదు. మొదటి ప్రశ్న: ముసలాయన ఎందుకు వెళ్ళిపోయాడు? పాఠం సరిగ్గా చెప్పలేక. అంత గౌరవనీయుడి ఇంట్లో ఇలాంటివాళ్ళు ఎలా నిలుస్తారు? రెండో ప్రశ్న..." ఆయన నుదురు ముడిపడింది. "స్టేషను మాస్టరు వినకుండా వదిలేసిన మాటలేమిటి? ఇదేం ప్రశ్న? వినకపోతే అవి కథలోకి ఎలా వస్తాయి? ప్రశ్నే తప్పు."

బల్లకి అటు పక్క పిచ్చిక కూడా కాగితం మీదికి వంగి చూస్తోంది. చదువుతూ చదువుతూ ఒక్కసారి తలెత్తి తల్లి వంక చూసింది. మళ్ళీ దించేసుకుంది.

"ఒరే అబ్బాయ్," అంది అత్తగారు, కుర్చీ దగ్గరికి లాక్కుని. "పొద్దున్న కుక్కని చంపినట్టు ఈ సంగీతం మాస్టార్ని కూడా చంపకు. అసలు కథేమిటో మొదట్నుంచీ మన భాషలో చెప్పు. నాకు మధ్యలోదే కావాలి."

"అంత లేదమ్మా."

"అంత ఉందే! ఇక్కడిదాకా అక్షరాలు కనపడుతుంటే లేదంటావేం? తల్లికి ఓ కథ చెప్పడానికి నీ సొమ్మేం పోయింది?"

అలా తల్లి పోరు పడలేక, సూపరింటెండెంటు గారు ఏళ్ళ తర్వాత ఒక కాగితాన్ని మధ్యలో కూడా చదవడం మొదలుపెట్టాడు.

"స్టేషను మాస్టరుకి ఒక్కడే కొడుకు. వాడికి సంగీతం నేర్పిద్దామని ఓ ముసలాయన్ని పెట్టాడు. పాఠం జరుగుతున్నంతసేపూ తనూ పక్కన కూర్చుని బల్ల మీద తాళం వేసేవాడు."

"బానే ఉంది. పిల్లాడంటే ముద్దు."

"ఆ తాళం తప్పు. రైలు చక్రాల చప్పుడుకి అలవాటుపడ్డ చెయ్యి కదా, అన్నిటికీ ఒకటే తాళం వేసేది."

అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "తెలివిమంతుడే! తర్వాత?"

"ఒకరోజు ముసలాయన అన్నాడూ, అయ్యా, మీ అబ్బాయికి సంగీతం రాకపోవడమంటూ ఏమీ లేదు. మీ తాళం తప్పని వాడికి తెలుసు. తెలిసి కూడా మీకోసం..." ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మీ చెయ్యి చిన్నబోకూడదని, తప్పుగానే వాయిస్తున్నాడు."

"అయ్యో నా తండ్రే! ఎంత బంగారం లాంటి పిల్లాడే!"

"అందుకని నాలుగు రోజులు మీరు కాస్త ప్లాట్‌ఫారం మీద తిరిగి రండి, వాడి తాళం వాణ్ణే వెతుక్కోనివ్వండి, అన్నాడు."

"ఎంత బాగా చెప్పాడురా! మరి ఆ తండ్రి కాళ్ళ మీద పడ్డాడా?"

"లేదు. మొదటి మాటా చివరి మాటా విని..." గొంతు కాస్త తగ్గింది. "కోపం తెచ్చుకుని పొమ్మన్నాడు."

"ఎవడ్రా ఆ మొద్దవతారం!" అత్తగారు పళ్ళెం చరిచేసరికి బఠాణీలు ఎగిరాయి. "చెవులా అవి, చాటలా? మంచి చెప్పిన మనిషిని తరిమేస్తాడా? వాడి తల్లి వాణ్ణి ఎలా పెంచిందిరా?"

ఆయన బల్ల మీద పడ్డ బఠాణీ ఒకటి ఏరి పళ్ళెంలో వేశాడు.

"చెప్పరా. ఇంకా కింద ఏదో ఉన్నట్టుంది."

ఆయన కాగితం వంక చూశాడు. తరువాత కూతురి వంక చూశాడు. పిచ్చిక చూపు బల్ల మీదే ఉంది. తరువాత, పెళ్ళైన ఇన్నాళ్ళలో మొదటిసారి, ఆ ఇంగ్లీషు దస్తూరీని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చూశాడు. బల్ల పక్కన గోడకి తగిలించిన ఇంగ్లీషు సామాన్ల చీటీలో 'సబ్బులు' అన్న మాట కనిపించింది. రెండు చోట్లా ఎస్ అక్షరం తోక ఒకేలా మెలి తిరిగి ఉంది.

అత్తగారు కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు గానీ మొహాలు చదవడం వచ్చు.

"ఒరే," అంది మెల్లగా. "ఆ టీచరమ్మ నిన్ను అన్నదీ ఇదేనట్రా?"

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. పేపరువెయిటు ఒకటి బల్ల మీద దొర్లి దొర్లి ఆగింది.

*

గెలిచిన మనిషిలా వంటింట్లోకి వచ్చింది ఇల్లాలు. పొయ్యి మీద పాలు కూడా ఆవిడ గౌరవార్థం పొంగుతున్నట్టు అనిపించింది. వెనకాలే పిచ్చిక వచ్చి నిలబడింది.

"ఆ ప్యాసేజీ నువ్వే రాశావు కదమ్మా?"

"ఎలా కనిపెట్టావే?"

"ఆ అబ్బాయికి అమ్మ లేదు."

"ఏమిటీ?"

"కథలో నాన్న ఉన్నాడు, కొడుకు ఉన్నాడు, మాస్టారు ఉన్నారు. అమ్మ మాత్రం ఎక్కడా లేదు. చచ్చిపోయిందని కూడా రాయలేదు. ఊరికే లేదు." ఇప్పుడు పిచ్చిక కిచకిచలాడటం లేదు, పెద్దమనిషిలా నింపాదిగా మాట్లాడుతోంది. "ఆ రోజు నువ్వు గుమ్మంలోనే ఉన్నావుగా? కప్పులు పట్టుకుని. టీచరుగారు చెప్పిందంతా విన్నావుగా?"

ఇల్లాలు పొయ్యి తగ్గించింది. తగ్గించాల్సినంత మంట అక్కడ లేదు.

"విన్నాను."

"మరి ఆ రోజే నాన్నగారికి చెప్పచ్చుగా? నాకు చెప్పినా సరిపోయేది. టీచరుగారికి నామీద కోపమనుకున్నా. పరీక్ష ఎల్లుండి."

ఏ మాటకా మాట చెప్పగల నోరు ఆమెది. అత్తగారికి, పక్కింటి టైలరుకి, పాలవాడికి, దారిన పోయే దానయ్యకి కూడా అప్పటికప్పుడు అప్పజెప్పేది. ఇప్పుడు గరిటె తీసుకుని పాలు కలపడం మొదలుపెట్టింది.

బయటి నుంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది. ఇద్దరూ పెరటి గుమ్మంలోకి వచ్చారు. అత్తగారు అప్పటికే అక్కడ చేరింది.

బాల్కనీ కింద ఇంటాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పైన టీచరమ్మ పూలకుండీకి నీళ్ళు పోస్తోంది.

"టీచరుగారూ, నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా?"

"వస్తున్నాయి బాబూ."

"ప్రెషరూ అదీ..."

"మీ ఆఫీసు చలవ."

పక్కింటి కిటికీలో టైలరు మిషను తొక్కడం ఆపేశాడు. ఇంటాయన ఒక్క క్షణం మెడ నిమురుకున్నాడు.

"అదే... ఆ రోజు... కొంచెం పొరపాటు..."

"ఏ రోజు? ఎవరి పొరపాటు?" ఆవిడ చెంబు కింద పెట్టింది. "పూర్తి వాక్యంలో చెప్పండి బాబూ. పిల్లకి నేర్పిందే మీకూను."

"గట్టిగా చెప్పండి సూపర్నెంటుగారూ, ఇటు వినపడట్లేదు!" అని టైలరు కిటికీలోంచి తనూ ఓ మాట వేశాడు.

"నీ కుట్టు నువ్వు చూసుకోవయ్యా!" అని అత్తగారు కేకేసింది.

ఇంటాయన ఊపిరి తీసుకున్నాడు. "టీచరుగారూ, ఆ రోజు మీరు చెప్పిందంతా విని, కోపం పట్టలేక నేను..."

"అది తప్పు నాన్నగారూ."

అందరూ గిరుక్కున తిరిగారు. పిచ్చిక తన నోట్లోంచి వచ్చిన మాటకి తనే బెదిరి గడప పట్టుకుంది. అయినా ఆగలేదు. "మీరు అంతా వినలేదు. మొదలూ చివరా విన్నారు."

తండ్రి మొహం చిన్నబోతుందని ఎదురుచూస్తూ కళ్ళు చికిలించుకుంది. ఆయన మొహం చిన్నబోలేదు. కాసేపు కూతుర్నే చూశాడు, మంచినీళ్ళ పైపులోంచి పాట వచ్చినంత ఆశ్చర్యంగా.

"అవును," అన్నాడు. పైకి తిరిగాడు. "టీచరుగారూ, మా అమ్మాయి కరెక్టు చేసింది, రాసుకోండి. మీరు చెప్పింది నేను సగం కూడా వినలేదు. వినకుండానే మిమ్మల్ని పొమ్మన్నాను. తప్పు నేను చేశాను."

టైలరు కిటికీ చట్రం పట్టుకుని ముందుకి వంగాడు.

పైన తాడు విప్పుతున్న చప్పుడైంది. కమ్మీ మీదుగా బుట్ట బయటికి వచ్చి, ఊగుతూ కిందికి దిగింది. పిచ్చిక రెండు చేతులూ చాచి పరిగెత్తింది.

బుట్ట దాని చేతికి అందకుండా మధ్యలోనే ఆగిపోయింది.

"మీ జవాబుకి మార్కులు వేశాను బాబూ," అంది టీచరమ్మ. "కానీ ఆ రోజు గుమ్మంలో ఇంకొకరు కూడా ఉన్నారు. నేను మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఒక్క పిలుపు వస్తుందేమోనని మధ్యలో ఆగి చూశాను. ఆ జవాబు పత్రం నాకింకా అందలేదు."

ఇంటాయన చూశాడు. అత్తగారు చూసింది. కిటికీలోంచి టైలరు మరికాస్త ముందుకి వంగాడు. పిచ్చిక మాత్రం చూడలేదు. తలెత్తి, ఊగుతున్న బుట్ట కిందే నిలబడి ఉంది.

ఇల్లాలి చేతిలో గరిటె అలాగే ఉంది. ఈ సందర్భానికి చమత్కారంగా చెప్పదగిన మాటలు నాలుగైదు నాలుక చివరకి వచ్చాయి. అన్నీ బాగానే ఉన్నాయి. గరిటె గుమ్మం పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, పెరట్లోకి దిగి మొగుడి పక్కన నిలబడింది.

"నేను మొత్తం విన్నాను టీచరుగారూ. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. విని కూడా, ఈయన ఎంతదూరం పోతారో చూద్దామని వారమంతా తమాషా చూస్తూ కూర్చున్నాను. మా పిల్ల పరీక్ష నాకు అప్పుడు గుర్తు రాలేదు. ఈయన వినకుండా తప్పు చేశారు. నేను విని తప్పు చేశాను."